సన్న నూలా, ముతక నూలా

నేను రోగులను చూసే డాక్టర్ని కాను. రోగుల ఒంట్లోంచి కోసి తీసిన ముక్కలను చూసే డాక్టర్ని. ఈ మాట చెప్తే రాయికల్‌లోని మా చుట్టాలు ఇప్పటికీ మొహం అదోలా పెడతారు. "గదేం సదువు బిడ్డా, నాడి వట్టి మందియ్యరాదా?" అని మా మేనత్త పోయేదాకా అడుగుతూనే ఉంది. చెప్పి చెప్పి నా నోరే నొప్పి పుట్టింది. కండ ముక్కను మందునీళ్ళలో నానబెట్టి, మైనంలో పోసి గట్టిపరచి, ఉల్లిపొర కన్నా పలచగా తరిగి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాను. అది ఉత్త గడ్డా, రాచపుండా, క్షయా, ఎన్నడూ వినని మరేదైనా పురుగా అని తేల్చి చెప్పడం నా పని. నేను చెప్పేదాకా కోసే డాక్టరు కత్తి పట్టకూడదు. పట్టాడా, నా నోటికి చిక్కుతాడు.

అప్పట్లో జగిత్యాలలో ఒక సందులో రెండు గదులు అద్దెకు తీసుకుని పెట్టుకున్నాను నా ల్యాబు. కరెంటు ఎప్పుడుండేదో ఎప్పుడు పోయేదో దాన్ని పంపేవాళ్ళకే తెలియదు. అందుకని నా మైక్రోస్కోపు కిందున్న అద్దాన్ని కిటికీ వైపు తిప్పుకుని ఎండతోనే చూసేదాన్ని. పొద్దున తూర్పు కిటికీ, మధ్యాహ్నం పడమటి కిటికీ. ఎండ ఎటు పోతే నా బల్ల అటు జరిగేది. కోరుట్ల నుంచి, మెట్‌పల్లి నుంచి, సిరిసిల్ల నుంచి డాక్టర్లు ముక్కలను బస్సు కండక్టర్ల చేతికిచ్చి పంపేవారు. హార్లిక్స్ సీసాల్లో వచ్చేవి, ఆవకాయ జాడీల్లో వచ్చేవి. ఒక మహానుభావుడైతే ఉప్పునీళ్ళలో వేసి పంపాడు. "ఇది ఊరగాయ కాదు సార్, మనిషి" అని ఫోన్‌లో ఆయన్ని కడిగేశాను.

అడవిలో అన్నలు, రోడ్ల మీద పోలీసులు, మధ్యలో బస్సుల్లో మనం. అది ఆ కాలం. చెక్‌పోస్టు దగ్గర బస్సాపి సంచులన్నీ కింద పెట్టించేవారు. ఒకసారి ఒక పోలీసాయన నా డబ్బా పైకెత్తి ఊపాడు.

"ఏందమ్మా గిది? బాంబా?"

"మూత దీసి వాసన జూడుండ్రి, తెలుస్తది" అన్నాను. నాకు అసలే కోపం, పైగా ఎండ.

పాపం, నిజంగానే మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఫార్మలిన్ అంటే మాటలా! కళ్ళ వెంట ధారలు కట్టాయి. ఉల్లిగడ్డలు తరిగిన కోడలిలా చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంటూ "పొండ్రి, పొండ్రి" అని బస్సు వదిలేశాడు. ఆ రోజు నుంచి ఆ దారిలో నా డబ్బాను ఎవరూ ముట్టుకోలేదు. ఈ ముచ్చట ఒకనాడు నాకు అక్కరకొస్తుందని అప్పుడు అనుకోలేదు.

కోరుట్లలో ఒక సర్జన్ ఉండేవాడు. కాలేజీలో నాకు సీనియర్. చేయి మంచిది, మనసు అంతకన్నా మంచిది, తొందర మాత్రం జాస్తి. ఆయన దగ్గరికి సిరిసిల్ల నుంచి ఒక నేత పనివాడు వచ్చాడు. భార్య పుట్టిల్లు కోరుట్ల కాబట్టి అక్కడికి వచ్చారు. ఎన్నో ఏళ్ళ కిందట కుడి పాదంలో తుమ్మ ముల్లు విరిగిందట. ముల్లు తీసేశారు, మరిచిపోయారు. ఆ తర్వాత పాదం మెల్లమెల్లగా ఉబ్బి, గట్టిపడి, చిల్లులు పడి కారడం మొదలుపెట్టింది. ఎక్స్‌రేలో ఎముక తిన్నట్టు కనబడింది. సర్జన్ పైనుంచి ఒక ముక్క తీసి నాకు పంపాడు. చూశాను. చీము కణాలే తప్ప కాన్సర్ జాడ లేదు. అదే రాసి పంపాను. పంపిన మరునాడు ఫోన్ వచ్చింది.

"ఏందమ్మా, కాన్సర్ లేదని రాసినవ్? ఎముక తినుకుంట పోతున్నది!"

"మీరు పంపిన ముక్కల లేదన్న సార్. పైపైన గోకి పంపిండ్రు. ఆ చిల్లులకెల్లి గింజలు ఏమన్న రాలుతున్నయా? జర చూడుండ్రి."

నా అనుమానం ఒకటే. ముల్లు వెంట మట్టిలోని పురుగు ఒకటి ఒంట్లోకి దూరి, లోపల గుంపులు గుంపులుగా పెరిగే జబ్బు ఒకటుంది. ఆ గుంపులు బొంబాయి రవ్వ పలుకుల్లా చీముతో పాటు బయటికి వస్తాయి. చూడటానికి అచ్చం కాన్సర్‌లాగే ఉంటుంది గానీ మందుకు లొంగే రకమూ ఉంది. గింజ దొరికితే జబ్బు దొరికినట్టే. దొరక్కపోతే కాలు పోయినట్టే.

"ఏ గింజల్లేవు. కట్టు ఇప్పి నేనే కండ్లార చూసిన. గుడ్డ మీద గంజి పలుకులు తప్ప ఏం లేవు. రేపు పొద్దుగాల కాలు తీస్తున్న. ఇంక ఆలస్యం జేస్తే మనిషే దక్కడు" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను గానీ ఆ మాట చెవిలోంచి పోలేదు. గంజి పలుకులు! చీరకు గంజి పెడతారు, పంచెకు పెడతారు. పుండు కట్టుకు గంజి ఏమిటి? పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రమా? బల్ల మీద అయోడిన్ సీసా ఉంది. చేతిసంచిలో వేసుకున్నాను. నాలుగు గాజు పలకలు, ఒక ఖాళీ డబ్బా, ఒక ఫార్మలిన్ డబ్బా. తలుపుకు తాళం వేసి బస్టాండుకు నడిచాను.

కోరుట్లలో దిగేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. నర్సింగ్ హోమ్ వరండాలో మంచం మీద ఆ మనిషి కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి, పెద్ద కళ్ళు. ఆ కాలి కట్టు చూసి నేను నిలబడిపోయాను. అంత తెల్లని కట్టు ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు. ఓట్లకు వచ్చిన ఎమ్మెల్యే లాల్చీలా పెళపెళలాడుతోంది.

"నమస్తె డాక్టరమ్మ. నువ్వు గూడ కోస్తవా?" అన్నాడు.

"నేను కొయ్య. చూస్త, గంతే."

"గట్లయితె కూసో. కోసెటాయన ఉన్నడు గని చూసెటోళ్ళే లేరు."

సర్జన్ వెనకనే ఉన్నాడు.

ఆ నేత పనివాడిది గుంట మగ్గం. నేలలో గుంట తీసి, దాని అంచున కూర్చుని, కాళ్ళు రెండూ గుంటలోకి వేలాడేసి నేస్తారు. కింద రెండు చెక్కలుంటాయి. ఒకటి తొక్కితే పడుగులోని నిలువు పోగులు సగం లేస్తాయి, రెండోది తొక్కితే మిగతా సగం; ఆ సందులోంచే అడ్డపోగు మోసే నాడె దూరుతుంది. "నేసేది చేతులని లోకమంత అనుకుంటది డాక్టరమ్మ. కాలు తొక్కంగనే పడుగు నోరు తెరుస్తది. అప్పుడు గద నాడె అటూ ఇటూ పోయేది. గీ కాలు తీసేస్తే నాకు చేతులుండి ఏం లాభం? పవర్లూముల నౌకరి జేద్దామంటే దినమంత నిలవడాలె. ఇగ రాజన్న గుడి మెట్ల మీద కూసొని చెయ్యి సాపుడే" అన్నాడు. ఏడవలేదు. నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు చూడలేక నేనే తల తిప్పుకున్నాను.

కట్టు విప్పాను. సర్జన్ చెప్పింది నిజమే, గుడ్డ మీద అక్కడక్కడా తెల్లని పలుకులు. అయోడిన్ చుక్క తగిలితే గంజి నీలం రంగు తిరుగుతుంది, ఇది బడిపిల్లలకూ తెలిసిన సంగతి. ఒక్కొక్క పలుకు మీద చుక్క వేసుకుంటూ పోయాను. నీలం. నీలం. అన్నీ నీలమే.

"చెప్పిన గద, గంజేనని" అన్నాడు సర్జన్. ఎత్తిపొడవలేదు. ఆయనకూ పాపం, ఏదో ఒక గింజ నీలం కాకుండా ఉంటే బాగుండునని ఉన్నట్టుంది.

"ఈ కట్టు ఎప్పుడు కట్టింది?" అని అడిగాను.

"మా ఇంటిది ఇయ్యాల సారు చూసేకంటె ముందే కట్టింది. పెద్ద డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు పాత కట్టుతోని పోతరా? ఉతికి, గంజి వెట్టి, ఆరేసి, కొత్తగ కట్టి తోలుకస్తది. పద్మశాలోళ్ళం. గుడ్డ సక్కగ లేకపోతే మాకు నామోషి గద డాక్టరమ్మ" అన్నాడు మంచం మీది మనిషి.

ఓరి దేవుడా! ఒక్కసారిగా అంతా అర్థమైంది. వీళ్ళు ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు కట్టు మార్చే పోయారు. గింజలు ఎన్ని రాలినా, అవన్నీ ఇంట్లోనే ఉతుకుడు రాయి మీద పోయాయి. ఉతికేటప్పుడు ఆమె చూడలేదా అంటే చూసింది. పుట్టినప్పటి నుంచీ పడుగుకు గంజి పట్టే ఇంట్లో బట్ట మీద తెల్ల పలుకు కనబడితే ఎవరైనా ఏమనుకుంటారు? గంజి సరిగ్గా కలవలేదనుకుంది, ఇంకా గట్టిగా రుద్ది ఉతికింది.

భార్య వరండా చివర గోడకానుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో బట్టల మూట. దగ్గరికి వెళ్ళి అడిగాను, "అమ్మా, ఇందాక విప్పిన కట్టు ఏది?"

"ఏ కట్టు లేదు" అంది. మూటను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"లేకపోతే ఏడవోతది? ఉతికినవా?"

"ఎరుకలేదు డాక్టరమ్మ. నీ కాల్మొక్త, మమ్ముల ఇడిసిపెట్టు."

"నా కాలు మొక్కుడు కాదు, నీ పెనిమిటి కాలు పోతున్నది!" అని అరిచాను. ఆమె బెదిరిపోయి కొంగు నోట్లో కుక్కుకుంది. సర్జన్ నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఆ రోజు మంచిది కాదు. చెప్పులు విడిచి ఆమె పక్కన గచ్చు మీద కూర్చున్నాను. మెల్లగా ఆమే అంది.

"నెత్తురు గుడ్డ సంచిల కనవడితే పోలీసోళ్ళు ఊకుంటరా? ఎవలికి కట్టినవ్, ఏ అన్నకు కట్టు కట్టినవ్ అంటరు. మా వాడల ఒకాయన్ని గట్లనే తీస్కపోయిండ్రు. గొడ్డలి తాకి కట్టు కట్టుకున్నందుకు. గందుకే నేను ఎవలి ముందల నెత్తురు గుడ్డ బయటికి తియ్య. ఉన్నా లేదనే అంట."

నామోషి ఒక్కటే కాదన్నమాట. నాకు కోపమంతా ఎటు పోయిందో పోయింది. అప్పుడు చెక్‌పోస్టు ముచ్చట చెప్పాను ఆమెకు. బాంబా అని అడగడం, మూత తీయడం, కళ్ళ నీళ్ళు, చేతిరుమాలు, "పొండ్రి పొండ్రి". చెప్తుంటే ముందు పెదవి బిగబట్టింది, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుంది, చివరికి ఇక ఆగలేక పకపకా నవ్వింది. మంచం మీది నుంచి ఆయన కూడా నవ్వాడు.

"నీ గుడ్డ నా డబ్బాల ఏస్త. ఆ డబ్బాను ఏ పోలీసోడు ముట్టడు. ముట్టినోడు ఏడుస్తడు" అన్నాను.

ఆమె మూట విప్పింది. చీర మడతల్లో, టిఫిన్ గిన్నె కింద దాచిన పాత కట్టును తీసి నా చేతుల్లో పెట్టింది. పెట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది, మురికి గుడ్డను డాక్టరు చేతిలో పెట్టాల్సి వచ్చినందుకు.

వరండా గచ్చు మీద దాన్ని పరిచాను. సర్జన్ కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుడ్డంతా తెల్ల పలుకులే. అయోడిన్ చుక్క. నీలం. ఇంకొకటి, నీలం. పుండు నోటికి ఆనిన చోట, ఎండిన చీములో ఒక పలుకు ఉంది. మిగతా వాటిలాగే తెల్లగా, కాస్త గుండ్రంగా. దాని మీద చుక్క వేశాను. చుక్క అయోడిన్ రంగులోనే ఉండిపోయింది. నీలం కాలేదు.

"మల్లొకటెయ్" అన్నాడు సర్జన్.

పక్కదాని మీద వేశాను. అదీ నీలం కాలేదు. ఆ తర్వాతదీ కాలేదు. సర్జన్ లేచి, లోపలికి తల పెట్టి, "రేపటి ఆపరేషన్ ఆపుండ్రి" అని నర్సుకు చెప్పి, గోడకు చేరగిలబడి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "దగ్గరుండి చూసిన గదమ్మా ఆ కట్టును" అన్నాడు.

"చూసింది ఉతికిన కట్టును సార్. అందుల ఏముంటది?" అన్నాను.

అయితే సంబరపడటానికి ఇంకా పొద్దు ఉంది. ఈ గింజలు రెండు రకాలు. రెంటిలోనూ లోపలంతా పోగులే. పోగులు లావుగా ఉంటే బూజు జాతి. దానికి ఆ రోజుల్లో మా దగ్గర సరైన మందు లేదు, కాలు తీయాల్సిందే. పోగులు బాగా సన్నగా ఉంటే బ్యాక్టీరియా జాతి, సూదులకూ మాత్రలకూ లొంగుతుంది. ఏదన్నది జగిత్యాల పోయి నా బల్ల దగ్గర చూస్తే తప్ప తెలియదు. ఉన్నది ఉన్నట్టు ఆలుమగలకు చెప్పాను. ఆశ పెట్టి తుంచడం నాకు చేతకాదు.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అంటే సన్న నూలా, ముతక నూలా అని జూస్తవన్నట్టు."

"గంతే."

"సన్న నూలైతె కాలు ఉంటది?"

"ఉంటది."

"ఇన్నేండ్ల సంది సన్న నూలే నేసిన డాక్టరమ్మ. నా ఒంట్ల ముతకది ఎందుకుంటది?" అన్నాడు. తమాషాకే అన్నాడు గానీ, అంటున్నప్పుడు ఆయన చేయి మోకాలి కింద కాలిని గట్టిగా పట్టుకుని ఉంది. సర్జన్ అదే పూట ఆ పుండులో లోతుగా ఇంకో ముక్క తీసి ఇచ్చాడు. దాన్ని ఫార్మలిన్‌లో వేశాను. గింజలను విడిగా ఖాళీ డబ్బాలో పెట్టుకున్నాను. పాత కట్టు ఫార్మలిన్ డబ్బాలోనే మునిగింది. ఇచ్చిన మాట తప్పకూడదు కదా.

మరునాడు పొద్దున కరెంటు లేదు, ఎప్పటిలాగే. తూర్పు కిటికీ దగ్గర కూర్చుని ఒక గింజను రెండు గాజు పలకల మధ్య నలిపి, రంగు వేసి, అద్దం తిప్పాను. మబ్బు. సరిగ్గా అప్పుడే మబ్బు! ఎండ కోసం అలా ఎదురుచూడటం నా జన్మలో అదే మొదలు, అదే ఆఖరు. దేవుణ్ణి పెద్దగా మొక్కని దాన్ని, ఆ పొద్దున కొండగట్టు అంజన్నకు ఒక కొబ్బరికాయ ఒప్పుకున్నాను. మబ్బు తొలగింది. అద్దంలోంచి వెలుగు పైకి లేచింది.

ఊదారంగు పోగులు. కొమ్మలు కొమ్మలుగా, చిక్కుపడి, సన్నగా. ఎంత సన్నగా అంటే పెద్ద భూతద్దం కింద కూడా గీత గీసినట్టున్నాయి తప్ప వెడల్పు తెలియడం లేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇంకో గింజ నలిపి చూశాను. అదే.

కోరుట్లకు ఫోన్ కలిసేసరికి నా పానం పోయినంత పనైంది. సర్జన్ ఎత్తగానే జబ్బు పేరు చెప్పాలి, పోగుల కొలత చెప్పాలి, రంగు చెప్పాలి. అవేవీ నా నోటికి రాలేదు. "సన్న నూలే సార్! సన్న నూలే!" అని అరిచాను. అవతల ఆయన ఆ మాటే వరండాలోకి అరవడం వినిపించింది. ఆ తర్వాత ఒక ఆడమనిషి ఏడుపు వినిపించింది. సంతోషం కూడా అలాగే ఏడుస్తుంది.

మైనంలో పోసిన లోతు ముక్క కూడా తర్వాత అదే మాట చెప్పింది. అందులో కాన్సర్ లేనే లేదు. సూదులు, మాత్రలు నెలల తరబడి నడిచాయి. మధ్యలో ఒకసారి విసుగొచ్చి మందు మానేయబోతే కబురు పంపి తిట్టించాను. చిల్లులు ఒక్కొక్కటే పూడాయి. వాపు తీసింది. వంకర కొంచెం మిగిలింది గానీ పాదం పాదంలాగే నిలబడింది.

మా తగాదా ఒక్కటి మిగిలింది. ఇక మీద మగ్గం గుంటలోకి వట్టి కాలితో దిగకూడదు, గుడ్డ బూట్లు వేసుకో అన్నాను. ఆయన ససేమిరా అన్నాడు. "మగ్గం మీద చెప్పులా? మా తాతలు ఊకుంటరా?" అని కబురు. "కాలు గావాల్నో తాతలు గావాల్నో తేల్చుకోమను" అని నా కబురు. ఎవరి పట్టు వారిది. చివరికి నేనే సిరిసిల్ల పోయాను, తాడో పేడో తేల్చుకుందామని.

వాడంతా పవర్లూముల చప్పుడు. ఆ చప్పుడు మధ్య ఆ ఇంట్లో మాత్రం గుంట మగ్గం నిశ్శబ్దంగా ఉంది. ఆయన గుంట అంచున కూర్చుని ఉన్నాడు, కాళ్ళు ఇంకా పైనే ముడుచుకుని. నన్ను చూసి భార్య లోపలి నుంచి ఒక వస్తువు తెచ్చింది. వాళ్ళు నేసిన ముతక గుడ్డనే పొరలు పొరలుగా పెట్టి, దగ్గర దగ్గరగా కుట్టి, పాదానికి సరిపడా చేసిన తొడుగు. గంజి పెట్టి పెట్టి అట్టలా చేసింది. వేలితో నొక్కి చూశాను, ముల్లు దిగదు.

"తోలు గాదు, చెప్పు గాదు. మా మగ్గం గుడ్డనే. గిప్పుడు తాతలూ ఊకుంటరు, నువ్వూ ఊకుంటవ్" అంది.

ఆయన తొడుక్కుని కాళ్ళు గుంటలోకి దించాడు. ఒకసారి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. కుడి కాలు తొక్కింది. పడుగు నోరు తెరిచింది, నాడె దూసుకుపోయింది. ఎడమ కాలు, మళ్ళీ కుడి కాలు. ఆ చప్పుడు వింటూ నేను ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, బాగానే ఏడ్చాను.

కాస్త నేశాక తొడుగు విప్పి పక్కన పెట్టాడు. చెమటకూ గుంట మట్టికీ అప్పుడే మాసింది. భార్య దాన్ని తీసుకుని పెరట్లోకి నడిచి, గుమ్మంలో ఆగిపోయింది. వెనక్కి తిరిగి, తొడుగును నా ముందు చాపింది.

"డాక్టరమ్మ, ఇప్పుడే తేల్చి చెప్పు. గిది ఉతుకాల్నా, వద్దా?"

"ఉతుకు తల్లీ" అన్నాను. "ఉతికి, గంజి గూడ పెట్టు. ఇగ అందుల దాసుకునేదేం లేదు."